సిట్రస్ సెంటుకు 30 వేలు: డబ్బు ఎక్కడికి పోతోంది?

నిమ్మ, నారింజ, బెర్గమాట్ (నారింజ జాతి కాయ) లాంటి సిట్రస్ వాసనల సెంట్లు కొన్నవాళ్లు ఎక్కువగా చెప్పేది ఒకటే: "వాసన బాగుంది గానీ నిలవదు." మూడు వేల సీసా అయితే పోనీలే అనుకోవచ్చు. 30 వేలు పోసి కొన్నది కూడా గంటకే చప్పబడితే కడుపు మండుతుంది. ఇందులో పదార్థం స్వభావం ఎంత, కంపెనీ లాభం ఎంత అని విడదీయాలంటే ముందు తొక్కలోని నూనె సంగతి చూడాలి.

బత్తాయి తొక్కను గిల్లితే సన్నగా చిమ్ముతుందే, ఆ తుంపరే ఆరెంజ్ ఆయిల్. సెంట్లలో వాడే తీపి నారింజ, మన సాత్‌గుడి బత్తాయి వృక్షశాస్త్రం లెక్కలో ఒకే జాతి. ఆ నూనెలో దాదాపు 95 శాతం లిమోనిన్ అనే ఒక్క పదార్థమే ఉంటుంది. గ్రేప్‌ఫ్రూట్ నూనెలోనూ ఇంచుమించు అంతే. పసుపు రంగు పెద్ద నిమ్మ, అంటే లెమన్ నూనెలో అది మూడింట రెండు వంతులు. లిమోనిన్ అణుభారం 136. సెంటు అడుగున రోజంతా ఉండే గెలాక్సోలైడ్ అనే మస్క్ (కస్తూరి తరహా వాసన పదార్థం) అణుభారం 258. అంకెల్లో తేడా రెండింతలే అయినా, మామూలు గది వేడిలో లిమోనిన్ ఆవిరయ్యే జోరు దానికి వేల రెట్లు ఎక్కువ. అందుకే సిట్రస్ ముక్కును అంత చురుగ్గా తాకుతుంది, అంతే చురుగ్గా వెళ్లిపోతుంది. ఈ రెండు గుణాలూ ఒకే కారణం నుంచి వచ్చాయి కాబట్టి ఒకటి ఉంచుకుని రెండోది తీసేయడం కుదరదు. లక్ష రూపాయల సీసాలోని లిమోనిన్ కూడా వంద రూపాయల సీసాలోని లిమోనిన్ లాగే ఎగిరిపోతుంది.

సిట్రస్ నూనెల్లో కాస్త నిలకడ ఉన్నది బెర్గమాట్. ఎర్ల్ గ్రే టీ తాగినవాళ్లకు ఆ వాసన తెలిసే ఉంటుంది. కాయ నారింజంత ఉంటుంది, తినడానికి పనికిరానంత పులుపు, చేదు. ప్రపంచానికి కావలసిన బెర్గమాట్‌లో సింహభాగం ఇటలీ కాలి బొటనవేలు దగ్గర, కలాబ్రియా ప్రాంతంలోని రెజ్జో కలాబ్రియా చుట్టుపక్కల సముద్రతీరపు తోటల నుంచే వస్తుంది. సుమారు 200 కిలోల కాయలకు ఒక కిలో నూనె దిగుతుంది. సీజన్ మొదట్లో పచ్చికాయల నుంచి తీసిన నూనె ఘాటుగా, ఆకు వాసనతో ఉంటుంది. కాయ పండేకొద్దీ మెత్తబడుతుంది. ఈ నూనెలో లిమోనిన్ పాలు మూడో వంతుకు అటూ ఇటూగా ఉంటుంది, మిగతాదాంట్లో లినలైల్ ఎసిటేట్, లినలూల్ ప్రధానం. ఈ రెండూ లావెండర్‌లోనూ ఉంటాయి. లిమోనిన్ కంటే నెమ్మదిగా ఆవిరవుతాయి. కాబట్టి బెర్గమాట్ ముందుండే సెంటు, లెమన్ ముందుండే సెంటు కంటే ఒక పావుగంటో అరగంటో ఎక్కువ పలుకుతుంది. అంతకు మించి ఆశించొద్దు.

ఇప్పుడు డబ్బు లెక్క. ఆరెంజ్ ఆయిల్ జ్యూస్ ఫ్యాక్టరీల ఉపఉత్పత్తి, సెంటు ముడిసరుకుల్లో చాలా చవకైనవాటిలో ఒకటి. బెర్గమాట్ దానికి ఎన్నో రెట్లు. నారింజ పూలను ఆవిరి పట్టి తీసే నెరోలి ధర కిలో లక్షల్లో ఉంటుంది, ఎందుకంటే సుమారు టన్ను పూలకు ఒక కిలోనే వస్తుంది. వినడానికి భయంగానే ఉంది గానీ సీసాలోకి ఎంత చేరుతుందో లెక్కేయండి. 100 మిల్లీలీటర్ల సెంటు బరువు సుమారు 85 గ్రాములు. అందులో 0.5 శాతం నెరోలి వేశారనుకుంటే అర గ్రాము లోపే. కిలో 4 లక్షలు పట్టుకున్నా 170 రూపాయలు. మిగతా సుగంధ మిశ్రమం అంతా కిలో 25 వేలు అనుకున్నా, 15 శాతం గాఢత ఉన్న సీసాకు పట్టేది సుమారు 13 గ్రాములు, అంటే 325 రూపాయలు. ఇవి నేను ఊహకు పెట్టిన ధరలే. రెట్టింపు చేసుకోండి, మూడింతలు చేసుకోండి, అయినా 30 వేల దరిదాపులకు రాదు. మిగిలిన సొమ్ము సీసా, పెట్టె, షోరూమ్ అద్దె, ప్రకటనలు, పంపిణీదారు లాభం, మన దగ్గరికొచ్చేసరికి దిగుమతి సుంకం, దాని మీద 18 శాతం జీఎస్‌టీ, అన్నిటికంటే ముందు బ్రాండ్ పేరు మింగుతాయి. "ఖరీదైన ముడిసరుకు వల్లే ఈ ధర" అని కౌంటర్ దగ్గర చెబితే చిరునవ్వు నవ్వి ఊరుకోవచ్చు.

ముడిసరుకు కాకపోతే ఎక్కువ ధర దేనికి చెల్లాలి? కూర్పుకు. లిమోనిన్ వెళ్లిపోయాక కూడా "ఇది నారింజే" అని ముక్కును నమ్మించే పనితనానికి. ఇది నిజంగా కష్టమైన పని. కాకపోతే ఆ పనితనం ఎప్పుడూ అత్యంత ఖరీదైన సీసాలోనే ఉంటుందని లేదు.

1966లో ఎడ్మన్ రుడ్నిట్స్కా డియోర్ కంపెనీ కోసం చేసిన "ఓ సోవాజ్" అనే సెంటును చూడండి. (పేరు కలుస్తుందని ఉత్త "సోవాజ్"తో కలిపేయకండి, అది 2015లో వచ్చిన వేరే సెంటు.) పైన లెమన్, బెర్గమాట్. వాటి కింద హెడియోన్ అనే మల్లెజాతి పదార్థం 2 శాతం చుట్టుపక్కల. హెడియోన్‌కు సొంత వాసన చాలా పల్చన, కానీ పక్కనున్న సిట్రస్‌కు గాలి ఆడినట్టు చేసి దాన్ని చాలాసేపు పలికిస్తుంది. ఆ తర్వాత వచ్చిన తాజా వాసనల సెంట్లలో హెడియోన్ లేనిది వెతకడం కష్టం. 2006లో జాన్ క్లోద్ ఎలెనా ఎర్మెస్ కంపెనీకి చేసిన తేర్ దెర్మెస్ ఇంకో దారి పట్టింది. పైన నారింజ, కింద వట్టివేరు, దేవదారు, ఐసో ఈ సూపర్ అనే మెత్తటి కర్రవాసన. వట్టివేరులో తనకు తానుగా గ్రేప్‌ఫ్రూట్ తొక్కను గుర్తుచేసే చేదు ఉంటుంది. అందుకని నారింజ నూనె పోయిన చోటును అది గుట్టుగా ఆక్రమిస్తుంది. సాయంత్రం దాకా ముక్కుకు సిట్రస్ ఉందనే అనిపిస్తుంది, నిజానికి ఉన్నది వట్టివేరు వాసన. ఈ రెండూ పెద్ద కంపెనీల సరుకే, కానీ నిష్ (చిన్న, ప్రత్యేక) బ్రాండ్ల ధరల్లో సగం లోపే దొరుకుతాయి. సిట్రస్‌లో డబ్బుకు తగ్గ విలువ ఈ మధ్య మెట్టులోనే ఉందని నా అభిప్రాయం.

పై మెట్టులో తరచూ వినిపించే పేరు టామ్ ఫోర్డ్ నెరోలి పోర్టోఫినో. అది ఇటలీ పాత కొలోన్ (పల్చటి సిట్రస్ సెంటు) పద్ధతికి దగ్గరగా కట్టిన సెంటు, బెర్గమాట్, నెరోలి, కింద అంబర్ అనే వెచ్చటి తీపి వాసన. వాసన మెరుగు ఉంది, శుభ్రత ఉంది. కానీ కొలోన్ స్వభావం కొలోన్‌దే. దాని నుంచి ఊద్ (అగరు) అత్తరులాంటి మన్నిక ఆశించి కొనేవాళ్లకు నిరాశ తప్పదు.

అసలు ఈ జాతి సెంట్లు పుట్టింది పొదుపుగా రెండు చుక్కలు అద్దుకోవడానికి కాదు. 1709లో జర్మనీలోని కొలోన్ నగరంలో మొదలైన ఫరీనా వారి "ఓ దె కొలోన్", 1792 నుంచి చెప్పుకునే "4711" అనే కొలోన్, 1853లో గెర్లాన్ చేసిన ఓ దె కొలోన్ అంపీరియాల్, ఇవన్నీ 2 నుంచి 5 శాతం గాఢతతో, దోసిట్లో పోసుకుని మెడకూ చేతులకూ పట్టించుకునే తీరువి. స్నానం తర్వాత ఒకసారి, మధ్యాహ్నం ఇంకోసారి. ఇప్పటికీ 4711 పెద్ద పెద్ద సీసాల్లో, తక్కువ ధరకు వస్తుంది. మొదటి ఇరవై నిమిషాల తాజాదనమే కావాలనుకునేవాళ్లు దాన్నే కొని ధారాళంగా వాడుకోవాలి. ఒక స్ప్రేకు సుమారు 0.1 మిల్లీలీటరు పడుతుంది, 100 మిల్లీలీటర్ల సీసాకు వెయ్యి స్ప్రేలు. 30 వేల సీసా అయితే స్ప్రే 30 రూపాయలు. సిట్రస్‌కు పూటకు ఆరు స్ప్రేలు లేనిదే పని జరగదు, పైగా మధ్యాహ్నం మళ్లీ ఆరు. రోజుకు 360 రూపాయలు, మూడు నెలలు తిరగకుండానే సీసా ఖాళీ. ఊద్ సెంటు అదే ధరకు కొంటే రోజుకు రెండు స్ప్రేలు చాలు, ఏడాది దాటి వస్తుంది. సీసా ధర ఒకటే అయినా రోజు ఖర్చు ఆరింతలు. ఈ లెక్క షాపులో ఎవరూ చెప్పరు.

చవక సీసాల్లో ఒక ప్రమాదం ఉంది, గిన్నెల సబ్బు వాసన. లెమన్ వాసనకు ప్రాణం సిట్రాల్ అనే పదార్థం, మన నిమ్మగడ్డిలో అది 70 శాతం పైనే. సిట్రాల్ సబ్బుల్లో, డిటర్జెంట్లలో నిలవదు. అందుకని వాటిలో నిమ్మ వాసననే ఇచ్చే నైట్రైల్ జాతి రసాయనాలు, డైహైడ్రోమిర్సెనాల్ వాడతారు. దశాబ్దాలుగా అవే వాసనలు వంటింటి సింకు దగ్గర పీల్చి పీల్చి, సెంటులో అవి కాస్త ఎక్కువైతే మన ముక్కు వెంటనే గిన్నెలు తోమే చోటికి పోతుంది. డైహైడ్రోమిర్సెనాల్ చెడ్డది కాదు, 1982 నాటి డ్రాకార్ న్వార్ అనే సెంటు దానిమీదే నిలబడింది. కానీ చవక సిట్రస్‌లో దాన్ని కప్పిపెట్టే మంచి పదార్థాలు పక్కన ఉండవు. మంచి సిట్రస్‌ను గుర్తుపట్టే గుణం నా లెక్కలో చేదు. తొక్క లోపలి తెల్లపొర చేదు, ఆకు పసరు, కాస్త మిరియపు ఘాటు. ఒట్టి తీపి, ఒట్టి పులుపు మాత్రమే ఉంటే అది నిమ్మ పిప్పరమెంటు వాసన, ఎంత పెట్టి కొన్నా అంతే.

కొనేముందు పరీక్షించే పద్ధతి ఇలా. ముందు ఇంట్లో ముక్కును సరిచేసుకోండి. ఒక బత్తాయి తొక్కను తెల్ల కాగితం మీద వంచి పిండి, అప్పుడొకసారి, పది నిమిషాలకు, అరగంటకు వాసన చూడండి. కలబోత లేని సిట్రస్ ఎంతసేపు ఉంటుందో కొలత దొరుకుతుంది. షాపులో రెండు కాగితపు పట్టీల మీద, ఒకదాని మీద మీ మనసుపడ్డ ఖరీదైనది, రెండోదాని మీద అదే జాతిలో చవకది, చెరో స్ప్రే కొట్టి వెనకాల పేరూ టైమూ రాసుకోండి. మొదటి పది నిమిషాలు తీర్పు చెప్పకండి, అప్పుడు అన్నీ బాగుంటాయి, షాపువాళ్ల బేరం కూడా అప్పుడే సాగుతుంది. 15 నిమిషాలకు, గంటకు, నాలుగు గంటలకు చూడండి. గంట తర్వాత రెండు పట్టీలూ ఒకేలా అనిపిస్తే ఎక్కువ ధర పెట్టే పనిలేదు. ఖరీదైన దానిమీద ఇంకా చేదు, పచ్చిదనం, నారింజపూల తీపి ఏదో ఒకటి సిట్రస్ బొమ్మను నిలబెడుతుంటే దానికి విలువుంది. ఉత్త మస్క్ మిగిలితే, ఆ మస్క్ మీకు ఐదు వందల బాడీ స్ప్రేలోనూ దొరుకుతుంది.

పట్టీ మీద గెలిచాకే చర్మం మీద వేసుకోండి, వేసుకుని ఏసీ గదిలోంచి బయటికి రండి. 22 డిగ్రీల షోరూమ్‌లో మూడు గంటలు నిలిచింది మే నెల విజయవాడ ఎండలో గంట నిలవదు. కాగితం మీద కంటే ఒంటి మీద ఎప్పుడూ త్వరగా పోతుంది, పొడి చర్మం మీద ఇంకా త్వరగా. మరొకటి, వాసన నిజంగా పోయిందో, మీ ముక్కుకే అలవాటైపోయిందో మీరు తేల్చలేరు. ఐసో ఈ సూపర్, అంబర్ తరహా వాసన ఇచ్చే ఆంబ్రాక్సాన్, కొన్ని మస్క్‌లు వేసుకున్నవాళ్లకు మధ్యమధ్య మాయమవుతాయి. గెలాక్సోలైడ్ వాసన పుట్టుకతోనే పట్టనివాళ్లు కూడా ఉన్నారు. ఇంట్లోవాళ్లనో ఆఫీసు పక్క సీటువాళ్లనో అడగండి. మీకు తెలియక మళ్లీ ఆరు స్ప్రేలు కొడితే లిఫ్టులో జనం ముక్కు మూసుకుంటారు.

పూర్తి సీసా కొనేముందు 5 లేదా 10 మిల్లీలీటర్ల డీకాంట్ (పెద్ద సీసాలోంచి చిన్నదాంట్లోకి ఒంపి అమ్మేది) కొని వారంపాటు వాడటం ఉత్తమం. గాజు గొట్టంలో ఇచ్చేవాళ్ల దగ్గరే తీసుకోండి. లిమోనిన్ గట్టి ద్రావణి, థర్మాకోల్‌ను కరిగించేస్తుంది, నాసిరకం పారదర్శక ప్లాస్టిక్‌ను మసకబారుస్తుంది. పైగా చిన్న సీసాలోకి మార్చినప్పుడు గాలి తగులుతుంది కాబట్టి డీకాంట్‌ను నెలల తరబడి దాచుకోకుండా వాడేయాలి.

తక్కువ ఖర్చుతో నిలకడ తెచ్చుకునే మార్గం మన దగ్గరే ఉంది. మణికట్టు మీద అసలైన వట్టివేరు అత్తరు ఒక్క చుక్క వేసి రెండు చేతులకూ మెడకూ సర్దండి. రెండు నిమిషాలాగి దానిమీద 4711 లాంటి మామూలు కొలోన్ ధారాళంగా కొట్టండి. తేర్ దెర్మెస్‌తో సమానం కాదు గానీ దారి అదే, ఖర్చు చాలా తక్కువ. రెండు చుక్కలు వేస్తే మాత్రం మట్టి వాసనే మిగిలి నిమ్మ మునిగిపోతుంది. అత్తరు నూనె తెల్ల చొక్కాకు తగిలితే మరక పోదు. అత్తరు వద్దనుకుంటే వాసనలేని మాయిశ్చరైజర్ పల్చగా రాసి దానిమీద సెంటు కొట్టడం కొంత ఉపయోగం. నూలు బట్ట మీద సిట్రస్ చర్మం మీదకంటే ఎక్కువసేపు ఉంటుంది. లేతరంగు పట్టుచీర మీద, తెల్ల లాల్చీ మీద మాత్రం లోపలి అంచున ఒకసారి కొట్టి చూడాలి. నారింజపూల వాసన ఇచ్చే మిథైల్ ఆంత్రనిలేట్ అనే పదార్థం, సెంటులోనే ఉండే ఆల్డిహైడ్లు అనే వేరే వాసన పదార్థాలతో కలిసి పసుపు రంగుకు తిరుగుతుంది, కొన్ని సీసాలు కాలంతో ముదురురంగుకు మారేది కూడా దీనివల్లే.

కొన్నాక పాడుచేసుకోవడం సిట్రస్‌లో చాలా తేలిక. లిమోనిన్ గాలితో కలిసి హైడ్రోపెరాక్సైడ్లుగా, కార్వోన్‌గా మారుతుంది. వాసన మొదట చప్పబడి, తర్వాత టర్పెంటైన్, పాత వార్నిష్ వైపు పోతుంది. ఆ హైడ్రోపెరాక్సైడ్లు చర్మానికి అలర్జీ కూడా తెస్తాయి, కాబట్టి పులిసిన సీసా ఒంటికి వాడొద్దు, బాత్‌రూమ్ ఫ్రెష్‌నర్‌గా కొట్టేయండి. లేబుల్ మీద బీహెచ్‌టీ కనిపిస్తే కంగారు పడకండి, ఆ ఆక్సీకరణను ఆపడానికి వేసిందే. బాత్‌రూమ్ అల్మారా, కిటికీ గట్టు, ఎండలో పెట్టిన కారు డ్యాష్‌బోర్డు, ఈ మూడూ సిట్రస్‌కు శత్రువులు. పెట్టెలోనే ఉంచి బీరువా అడుగు అరలో పెట్టండి, ఫ్రిజ్‌లో పెట్టినా తప్పులేదు. సగం ఖాళీ అయిన సీసాలో గాలి ఎక్కువ కాబట్టి చివరి సగాన్ని త్వరగా వాడాలి. ఊద్, గంధం లాగా ఏళ్లకేళ్లు దాచే సరుకు కాదిది. 100 మిల్లీలీటర్లు రెండేళ్లలో వాడలేమనుకునేవాళ్లు మిల్లీలీటరు ధర ఎక్కువైనా 30 లేదా 50 సీసానే తీసుకోవాలి.

ఎండ సంగతి ఒకటి. నిమ్మ, బెర్గమాట్ తొక్క నూనెల్లో బెర్గాప్టెన్ లాంటి పదార్థాలు ఉంటాయి. ఒంటి మీద అవి ఉండగా ఎండ పడితే చర్మం కాలినట్టు ఎర్రబడి, మచ్చ నెలలపాటు ఉంటుంది. అందుకే సెంటు పరిశ్రమ నియమాలు తొక్క పిండగా వచ్చిన బెర్గమాట్ నూనెను ఒంటికి రాసుకుని వదిలేసే సరుకుల్లో 0.4 శాతానికి, లైమ్ (చిన్న నిమ్మ) నూనెను 0.7కు, లెమన్‌ను 2 శాతానికి కట్టడి చేశాయి. తీపి నారింజ నూనెకు ఈ అడ్డు లేదు. పెద్ద కంపెనీలు బెర్గాప్టెన్ తీసేసిన నూనె వాడతాయి కాబట్టి వాటితో చిక్కులేదు. చిక్కంతా ఇంట్లో ఆల్కహాల్‌లో ఎసెన్షియల్ ఆయిల్ పోసుకుని "ఆర్గానిక్ సెంటు" చేసుకునేవాళ్లకు, నిమ్మతొక్క నేరుగా ఒంటికి రుద్దుకుని ఎండలోకి వెళ్లేవాళ్లకు.

అమెరికా నుంచో దుబాయ్ నుంచో వచ్చేవాళ్ల చేత తెప్పించుకుంటే మన షోరూమ్ ధరకంటే కలిసొచ్చే సందర్భాలు ఉంటాయి. డ్యూటీఫ్రీలో కొనేముందు రెండు దేశాల ధరలూ మిల్లీలీటరుకు లెక్కేసి పోల్చండి, అక్కడి సైజులు వేరేగా ఉంటాయి. సెక్యూరిటీ చెక్ దాటే చేతి సామానులో 100 మిల్లీలీటర్లకు మించిన సీసాను చాలా విమానాశ్రయాల్లో ఒప్పుకోరు, సగం వాడిన 200 సీసా అయినా సరే. చెకిన్ పెట్టెలో ఒక్కో సీసా అర లీటరు లోపు, టాయిలెటరీలన్నీ కలిపి ఒక్కరికి రెండు లీటర్ల దాకా పర్వాలేదు. స్ప్రే మూత కింద టేపు చుట్టి, జిప్ కవర్లో వేసి, బట్టల మధ్యలో పెట్టమనండి. సిట్రస్ సీసా కారితే వాసన త్వరగానే పోతుంది, పక్కనున్న ప్లాస్టిక్ డబ్బాల మీద మాత్రం మసక మిగులుతుంది.